పగలు పక్కింటావిడ, రాత్రి అస్వాంగ్

గత నెల ఈ శీర్షికలో ఫిలిప్పీన్స్‌లోని లోస్ బాన్యోస్ ఊరి గురించి రాశాను. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఉన్న ఊరు అది. అక్కడ ఉద్యోగం చేసిన రోజులు చెబుతూ, 'అస్వాంగ్' అనే రూపాలు మార్చే జీవి పేరు ఒక్క వాక్యంలో అనేసి వదిలేశాను. తర్వాత వచ్చిన ఉత్తరాల్లో వరి మీద ఒక్కటీ లేదు, అన్నీ దాని మీదే. సరే, ఈ నెల జాగా అంతా దానికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి దావావోలో మెడిసిన్ చదువుతోంది. రాత్రిళ్ళు కిటికీ తెరవొద్దు, అస్వాంగ్ వస్తుందని హాస్టల్లో వంటావిడ అంటుందట. అమ్మాయి ఫోన్లో నవ్వుతూనే చెప్పింది గానీ నాకు నిద్ర పట్టలేదు. అస్వాంగ్ అంటే దయ్యమా? – ఒక తల్లి, ఖమ్మం

జవాబు: దయ్యం కాదమ్మా. మనకు దయ్యమంటే చచ్చినవాళ్ళు. అస్వాంగ్ బతికున్న మనిషి. పగలు అందరిలాగే బజారుకెళ్తుంది, చర్చికెళ్తుంది, పక్కింటివాళ్ళతో కబుర్లు చెబుతుంది. చీకటి పడ్డాక కుక్కో, పందో, పిల్లో, పిట్టో అవుతుందని నమ్మకం. ఎక్కువగా ఆడమనిషే అంటారు. దానికి ఇష్టమైనవి మనిషి కాలేయం, కడుపులో ఉన్న బిడ్డ, కొత్తగా పాతిపెట్టిన శవం.

నాకు ఒళ్ళు జలదరించిన సంగతి ఇంకొకటి ఉంది. అస్వాంగ్ ఎవరినైనా ఎత్తుకుపోతే ఆ ఇల్లు ఖాళీగా ఉండదు. అరటి బోదెతో అచ్చం అలాంటి మనిషినే చేసి ఇంటికి పంపిస్తుంది. ఆ బొమ్మ ఇంటికొచ్చి జ్వరమని పడుకుంటుంది, కొన్నాళ్ళకు చచ్చిపోతుంది. ఇంట్లోవాళ్ళు తమ మనిషే పోయిందని ఏడ్చి పాతిపెడతారు. లోస్ బాన్యోస్‌లో మా ఇంట్లో వంటకు సాయం చేసిన పెద్దావిడ ఇది చెప్పింది. మేం ఆవిణ్ణి 'మనాంగ్' అనేవాళ్ళం. వాళ్ళ వైపు అక్కను అలా పిలుస్తారు. చెబుతున్నంతసేపూ ఆవిడ చేతిలో కత్తి ఆగలేదు, కూరగాయలు తరుగుతూనే ఉంది.

అస్వాంగ్ కథలకు పుట్టిల్లు దావావో కాదు. దేశం మధ్యలో ఉన్న విసాయాస్ దీవులు, ముఖ్యంగా పనాయ్ దీవిలోని కాపిజ్, ఆ పైన బికోల్ ప్రాంతం. దావావో ఉన్నది దక్షిణాన మిందనావో దీవిలో. కాకపోతే ఆ ఊళ్ళో జనాభాలో ఎక్కువమంది విసాయాస్ నుంచి వలస వచ్చినవాళ్ళే. సామానుతో పాటు కథలూ ఓడెక్కాయి. దావావో చుట్టుపక్కల కొండల్లో ఎప్పటినుంచో ఉన్న బగోబో, మనోబో తెగలవారికి వాళ్ళ సొంత భూతం ఉంది. దాన్ని బుసో అనీ బుసావ్ అనీ అంటారు. అది శ్మశానాల్లో తిరిగి శవాలు తింటుంది.

కిటికీ సంగతి. దావావో ఎదురుగా నీళ్ళకు అవతల సమాల్ దీవి ఉంది. అక్కడి ఒక గుహలో గబ్బిలాలు లక్షల్లో ఉంటాయి. ప్రపంచ రికార్డుల పుస్తకానికెక్కిన గుహ అది. దావావోకు పేరు తెచ్చిన దురియన్ పండు చెట్లకు రాత్రిపూట పుప్పొడి మోసేవి గబ్బిలాలే. కిటికీ బయట రెక్కల చప్పుడైతే అది వాటిదే అయ్యుంటుంది. కిటికీ మాత్రం మూయమనండి. అస్వాంగ్ కోసం కాదు, దోమల కోసం. అక్కడ డెంగీ ఉంది.

ఇంకొక్క మాట, ఇది అమ్మాయికి తప్పకుండా చెప్పండి. సరదాకైనా సరే అక్కడ ఎవరినీ 'నువ్వు అస్వాంగ్‌వా' అనొద్దని. ఎందుకో కింద కాపిజ్ గురించిన జవాబులో చెబుతాను.

ప్రశ్న: నడుము దగ్గర రెండుగా విడిపోయి, పై సగం రెక్కలతో ఎగిరే ఆడమనిషి బొమ్మ చూశాను. అదీ అస్వాంగేనా? – డిగ్రీ విద్యార్థి, తెనాలి

జవాబు: అస్వాంగ్ అనే పెద్ద గంపలో అదీ ఒకటి బాబూ. దాని పేరు మనానంగ్గల్. మనీలా వైపు మాట్లాడే తగాలోగ్ భాషలో 'తంగ్గల్' అంటే ఊడదీయడం. తనను తాను ఊడదీసుకునేది అని అర్థం. కాళ్ళు, నడుము ఏ అరటితోటలోనో నిలబడే ఉంటాయి. పై సగం ఎగిరి వెళ్ళి, గర్భిణి పడుకున్న ఇంటి కప్పు మీద వాలి, ఆకుల సందుల్లోంచి దారంలాంటి నాలుకను దించి కడుపులో బిడ్డను పీల్చేస్తుంది. నిలబడి ఉన్న కింది సగం దొరికితే దాని మీద ఉప్పో, బూడిదో, వెల్లుల్లో చల్లాలి. అప్పుడు పై సగం అతుక్కోలేదు. తెల్లారితే చావే.

ఈ మాట ఎంత పాతదో చూడు. స్పెయిన్ నుంచి వచ్చిన ఫ్రాన్సిస్కన్ ఫాదర్ హువాన్ దె ప్లాసెన్సియా 1589లో తగాలోగ్ ప్రజల ఆచారాల మీద ఒక నివేదిక రాశాడు. అందులో 'సైతాను పూజారులు' అంటూ పన్నెండు రకాల వాళ్ళను వరసపెట్టాడు. ఏడో పేరు మగ్‌తతంగ్గల్. రాత్రిళ్ళు తల, పేగులు మొండెం నుంచి విడిపోయి తిరుగుతాయట. కతందువానెస్ దీవిలో జరిగిందని విన్నాడు, తను మాత్రం నమ్మలేదు. ఎనిమిదో పేరు ఓసువాంగ్. అది ఎగురుతుంది, మనుషుల్ని తింటుంది అని రాసి, వెంటనే 'ఇది విసాయాస్ దీవుల్లో మాట, తగాలోగ్‌లలో ఇవి లేవు' అన్నాడు. ఇవాళ మనీలాలో ఆ మాట తెలియని పిల్లలు ఉండరు మరి!

ఆ పట్టికలో నన్ను ఆపింది మాత్రం వేరే సంగతి. మనిషి మాంసం తినేవాళ్ళ పక్కనే, అదే వరసలో, పూజలు చేసే కతలోనన్, వశీకరణ మందులిచ్చే మంగగయుమా, జోస్యం చెప్పేవాళ్ళు, ఆడంగి నడవడి ఉన్న మగవాళ్ళు కూడా ఉన్నారు. కొత్త మతం పట్టుకొచ్చిన ఫాదర్ కంటికి అందరూ ఒకే జాతి. ఊళ్ళో మందూ మంత్రం చూసే ఆడవాళ్ళకు అప్పటిదాకా ఉన్న గౌరవం పోయి, అస్వాంగ్ అనే ముద్ర పడడానికి ఇదే దారి వేసిందని అక్కడి పండితులు కొందరు వాదిస్తారు. ఈ పట్టిక చదివాక ఆ వాదన కొట్టిపారేయలేను.

మనానంగ్గల్‌కు చుట్టుపక్కల దేశాల్లో చెల్లెళ్ళున్నారు. మలేసియాలో పెనంగ్గలన్, థాయిలాండ్‌లో క్రాసూ, కంబోడియాలో ఆప్. ఇవి నడుము దగ్గర కాదు, మెడ దగ్గర విడిపోతాయి. పేగులు వేలాడుతుండగా తల ఎగురుతుంది. ప్లాసెన్సియా విన్నది ఈ రకానికే దగ్గర.

ప్రశ్న: తిక్‌తిక్, వక్‌వక్ అనేవి వేరే భూతాలా? – అదే విద్యార్థి

జవాబు: రెండూ చప్పుళ్ళ పేర్లు. తిక్ తిక్ అని వినిపించేది తిక్‌తిక్. రెక్కలు వక్ వక్ అని కొట్టుకునేది వక్‌వక్, ఇది సెబూ వైపు మాట. కొన్ని ఊళ్ళలో ఆ చప్పుడు అస్వాంగ్‌దే. మరికొన్ని ఊళ్ళలో అస్వాంగ్ వెంట తిరిగే పిట్టది. చప్పుడు గట్టిగా వినిపిస్తే అది దూరంగా ఉన్నట్టు, సన్నగా వినిపిస్తే దగ్గరికొచ్చేసినట్టు. ఆ నియమం కట్టినవాడికి దణ్ణం పెట్టాలి. ఇక చప్పుడు లేకపోయినా భయపడాల్సిందే!

ఇదే తిరకాసు దక్షిణాన సులు సముద్రంలోని కగాయాన్ దె సులు దీవి కథలోనూ ఉంది. అక్కడ దాని పేరు బెర్బలాంగ్. 1896లో ఆ సంగతులు అచ్చయింది మన కలకత్తాలో, బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో.

ప్రశ్న: ఫిలిప్పీన్స్ కామిక్ ఒకటి తెలుగు చేస్తున్నాను. అస్వాంగ్‌కు 'పిశాచం', మనానంగ్గల్‌కు 'రక్తపిశాచి', తియానక్‌కు 'పిల్లదయ్యం', కప్రేకు 'రాక్షసుడు' అని రాసుకున్నాను. సంపాదకుడు ఒప్పుకోవడం లేదు. – అనువాదకురాలు, హైదరాబాద్

జవాబు: మీ సంపాదకుడిదే రైటు. అస్వాంగ్‌ను అస్వాంగ్ అనే ఉంచండి. పిశాచం అనగానే చదివేవాళ్ళు ఆ మనిషి చచ్చిందనుకుంటారు. కథకు ప్రాణమే బతికున్న మనిషి కావడం. మొదటిసారి వచ్చినచోట పాత్ర నోట ఒక్క వాక్యంలో సంగతి చెప్పించండి. 'మన వీధిలోనే ఉంటుంది, రాత్రికి రూపం మారుస్తుంది' అంటే సరిపోతుంది. మనకు కామరూపి అనే చక్కటి మాట ఉంది గానీ, మారీచుడికి సరిపోయినంతగా చేపలమ్మే ముసలమ్మకు సరిపోదు. మనానంగ్గల్ కూడా అంతే. రక్తపిశాచి అంటే పాఠకుడికి నల్లకోటు తొడుక్కున్న దొర కళ్ళముందుకొస్తాడు.

తియానక్ సంగతి కాస్త మెలికగా ఉంటుంది. అడవిలో పసిపాప ఏడుపు వినిపిస్తుంది. జాలిపడి ఎత్తుకుంటే కోరలు, గోళ్ళు బయటికొస్తాయి. బాప్తిస్మం లేకుండా పోయిన బిడ్డ అనో, పుట్టకముందే పోయిన బిడ్డ అనో చెబుతారు. కాబట్టి 'పిల్లదయ్యం' ఇక్కడ తప్పు కాదు. అయితే ఈ మాటకు పాతరూపం పతియానక్. అది బిడ్డ కాదు, కాన్పును అడ్డుకునే భూతం. మలయ్ వాళ్ళ పొంతియానక్‌కు బంధువు, అక్కడ అది పురిట్లో పోయిన తల్లి. 18వ శతాబ్దంలో అగస్టీనియన్ ఫాదర్ తోమాస్ ఓర్తిస్ రాసిన సంగతి వినండి. పెళ్ళాం నొప్పులు పడుతుంటే మొగుడు తలుపు వేసి, నిప్పు రాజేసి, ఒంటిమీద బట్ట లేకుండా కత్తి పట్టుకుని కాన్పయ్యేదాకా గాలిలో తిప్పుతూ ఉండేవాడట. మీ కామిక్‌లో ఆ బొమ్మ ఉంటే మాత్రం నాకొక ప్రతి పంపండి.

కప్రేను రాక్షసుడు చేయకండి. నల్లటి ఆజానుబాహువు. బలేటే చెట్టెక్కి కూర్చుని చుట్ట తాగుతుంటాడు. బలేటే అంటే మన మర్రి జాతి చెట్టే, ఊడలు దిగుతుంది. చీకట్లో కొమ్మల మధ్య నిప్పు కనిపిస్తే కప్రే ఉన్నట్టు. వాడు రూపాలు మార్చడం కన్నా మనుషుల్ని ఆటపట్టించడం ఎక్కువ. పేరు వెనక ఉన్న చరిత్ర మాత్రం ఆటకాదు. అరబ్బీ 'కాఫిర్' స్పానిష్‌లో 'కాఫ్రె' అయి, ఆఫ్రికా నుంచి వచ్చిన నల్లవాళ్ళను పిలిచే మాటగా మారి, తగాలోగ్‌లో చెట్టెక్కింది. చేతిలో చుట్ట కూడా స్పెయిన్ వాళ్ళు తెచ్చిన పొగాకుదే. అలాంటి పేరును 'రాక్షసుడు' అని తుడిచేస్తే కథలో ఉన్న స్పెయిన్ దొరల పాలన గుర్తు కూడా తుడుచుకుపోతుంది.

ప్రశ్న: అస్వాంగ్ మన 'అసుర' నుంచే వచ్చిందని ఒక ఉపన్యాసంలో విన్నాను. తమ అభిప్రాయం? – రిటైర్డ్ సంస్కృత లెక్చరర్, విశాఖపట్నం

జవాబు: మాస్టారూ, ఆ మాట నేనూ చాలాసార్లు విన్నాను. శబ్దం దగ్గరగా ఉండడం తప్ప అందులో బలం నాకు కనిపించదు. బికోల్ వాళ్ళ పురాణంలో గుగురాంగ్ మంచి దేవుడు, అసువాంగ్ చెడ్డ దేవుడు. నిప్పు కోసం ఇద్దరూ మయోన్ అగ్నిపర్వతం దగ్గర తగాదా పడతారు. దీన్ని చూపించి 'దేవాసుర యుద్ధమే కదా' అంటారు. మంచికీ చెడుకీ తగాదా లేని పురాణం ఎక్కడుంది చెప్పండి? 'అసు' అంటే ఆ దీవుల భాషలు చాలావాటిలో కుక్క. కుక్కగా మారే జీవికి అక్కణ్ణుంచే పేరొచ్చిందని వాదించేవాళ్ళూ ఉన్నారు. అదీ అంతే బలం.

సంస్కృతం అక్కడికి చేరలేదని కాదు. దివాతా మన దేవతే, గురో గురువే, ముఖా ముఖమే, దుఖా దుఃఖమే. లగూనా సరస్సులోకి పారే నది ఇసుకలో 1989లో ఒక రాగి రేకు దొరికింది. శక సంవత్సరం 822, అంటే క్రీ.శ. 900 నాటిది. 'కవి' అనే పాత జావా లిపిలో రాసిన అప్పు రద్దు పత్రం అది. నిండా సంస్కృత పదాలున్నాయి. మేమున్న లోస్ బాన్యోస్ ఆ సరస్సు ఒడ్డునే. అంత గట్టి సాక్ష్యం రాగి మీద చెక్కి ఉండగా, అస్వాంగ్‌ను కూడా మన ఖాతాలో వేసుకోవాలని తాపత్రయం దేనికి? భూతాలైనా వాళ్ళవి వాళ్ళకు ఉండనిద్దాం.

ప్రశ్న: కాపిజ్ ప్రాంతానికే అస్వాంగ్ పేరు ఎందుకు పడింది? అక్కడ ఏదో నరాల జబ్బు ఉందని చదివాను. – వైద్య విద్యార్థి, కర్నూలు

జవాబు: నిజమే. పనాయ్ దీవిలో, అందులోనూ కాపిజ్‌లో ఎక్కువగా కనిపించే వంశపారంపర్య జబ్బు ఒకటుంది. ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వచ్చే డిస్టోనియా పార్కిన్సనిజం అంటారు. ఊళ్ళో మాట 'లుబాగ్', అంటే మెలితిరగడం. 1976లో డాక్టర్ లిలియన్ లీ బృందం దాన్ని వైద్యలోకం ముందు పెట్టింది. తల్లుల నుంచి కొడుకులకు వస్తుంది. సుమారు నలభై ఏళ్ళ వయసులో మొదలై మెడ, నడుము, కాళ్ళు మెలితిరుగుతాయి. దవడ బిగుసుకోవడం, నాలుక బయటికి రావడం ఉంటాయి. రోగులందరిలోనూ టీఏఎఫ్1 జన్యువు దగ్గర ఒకే మార్పు ఉంటుంది. ఎప్పుడో ఒక్క పూర్వీకుడి దగ్గర పుట్టిన మార్పు అది.

సాయంత్రం వేళ అలా మెలికలు తిరుగుతూ నడిచే మనిషిని చూసి అస్వాంగ్ అనుకున్నారనీ, కాపిజ్ పేరు అలా చెడిందనీ కొందరి ఊహ. నాకు సగమే నచ్చుతుంది. జబ్బు దాదాపు మగవాళ్ళదే, కథల్లో అస్వాంగ్ ఎక్కువగా ఆడది. పైగా కాపిజ్ ఊసే లేని దీవుల్లోనూ కథ ఉంది. జబ్బు కథను పుట్టించిందనను. ఉన్న కథ జబ్బుపడ్డ ఇళ్ళ మీద పడిందంటే నమ్ముతాను.

మా మనాంగ్‌ది కాపిజే. ఎవరైనా సొంతూరు అడిగితే 'ఇలోయిలో' అనేది, అది పక్క జిల్లా. ఒకసారి నా ఎదుటే పచ్చిచేపలమ్మే ఆవిడ ఆరా తీసి నిజం రాబట్టి, నవ్వుతూ తన మనవరాలిని వెనక్కి లాక్కుంది. మనాంగ్ కూడా నవ్వింది. ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. అస్వాంగ్‌ను గుర్తుపట్టే గుర్తులు ఎలా ఉంటాయో చూడండి. కళ్ళు ఎర్రగా ఉంటాయి, గర్భిణి ఉన్న ఇంటి చుట్టూ తిరుగుతుంది, దాని కంటిపాపలో మన నీడ తలకిందులుగా కనిపిస్తుంది. చివరిది తప్పిస్తే, నిద్రలేని ఏ ముసలమ్మైనా దొరికిపోతుంది. బాణామతి పేరు చెప్పి మెదక్ పల్లెల్లో మనవాళ్ళు చేసింది తెలిసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 1992 ఎన్నికల రోజుల్లో మనీలాలోని తోందో పేటలో మనానంగ్గల్ తిరుగుతోందని పత్రికలు గోల చేశాయి. అప్పుడూ అనుమానం వెళ్ళి పడింది ఒక పెద్దావిడ మీదే.

ప్రశ్న: అమెరికా గూఢచారులు అస్వాంగ్ భయాన్ని యుద్ధంలో వాడుకున్నారంటారు. నిజమేనా? – చరిత్ర విద్యార్థి, వరంగల్

జవాబు: వాడుకున్నామని వాడుకున్నవాడే రాసుకున్నాడు. ఎడ్వర్డ్ లాన్స్‌డేల్ అనే అమెరికన్ అధికారి 1950 ప్రాంతంలో హుక్ రైతు గెరిల్లాల మీద పోరులో అప్పటి ఫిలిప్పీన్స్ రక్షణ మంత్రి రమోన్ మగ్సైసాయ్‌కి సలహాదారు. గెరిల్లాలు మకాం వేసిన కొండ మీద అస్వాంగ్ ఉందని ముందు ఊళ్ళో పుకారు పుట్టించారు. తర్వాత ఒక రాత్రి గస్తీలో చివరన నడుస్తున్నవాణ్ణి పట్టుకుని చంపి, మెడకు రెండు రంధ్రాలు పొడిచి, కాళ్ళు పట్టి వేలాడదీసి రక్తమంతా కార్చి, శవాన్ని మళ్ళీ బాట మీద పెట్టారు. గెరిల్లాలు కొండ దిగి వెళ్ళిపోయారని 1972లో అచ్చయిన తన జ్ఞాపకాల్లో చెప్పాడు. మెడ మీద రెండు గాట్లు యూరప్ కథల రక్తపిశాచి గుర్తు. పల్లె అస్వాంగ్ కాలేయం తీస్తుంది, నాలుకతో పీలుస్తుంది. ఈ తేడా హుక్ రైతులకు తెలియదా? తమ మనిషిని రక్తం కార్చి చంపి బాట మీద పెట్టగలిగినవాళ్ళు పక్కనే పొంచి ఉన్నారని అర్థమైనా చాలు, కొండ దిగడానికి.

ప్రశ్న: తిక్బలాంగ్ అంటే? – ఎనిమిదో తరగతి, సిద్దిపేట

జవాబు: గుర్రం తల, మనిషి ఒళ్ళు, బారెడు కాళ్ళు. గొంతుక్కూర్చుంటే మోకాళ్ళు తలను దాటిపోతాయి! అడవిలో బాటసారికి దారి తప్పించి, తిరిగిన చోటే తిప్పుతుంది. చొక్కా విప్పి తిరగేసి తొడుక్కుంటే దారి దొరుకుతుందట. ఎండలో వాన పడితే మనం కుక్కకూ నక్కకూ పెళ్ళి అంటామా, అక్కడ తిక్బలాంగ్‌కు పెళ్ళి అంటారు.

ప్రశ్న: అస్వాంగ్‌ను తరిమే 'బుంతోత్ పగీ' అనే చేపతోక అక్కడ అమ్ముతారట. మా తమ్ముడు సెబూలో ఉన్నాడు, ఒకటి తెమ్మంటే తెస్తాడా? – ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: స్టింగ్‌రే చేప తోక అది, ఎండబెట్టి కొరడాగా వాడతారు. కొన్ని ఇళ్ళలో గోడకు వేలాడుతుంటుంది, నేనూ చూశాను. కొడుకులు మాట వినకపోతే దాన్ని చూపించడమే ఎక్కువని మనాంగ్ అనేది. ముల్లు ఉన్న తోకతో విమానాశ్రయంలో మీ తమ్ముడు పడే అవస్థ ఎందుకు? సెబూ ఎండుమామిడి ముక్కలు తెమ్మనండి. అక్కడివి చాలా బాగుంటాయి.